అనుభావం ఒక్కటే చాలదు: అశాబ్దిక భావప్రసారం ఇతివృత్తంగా వీడియో ఇన్‌స్టలేషన్ – అలంకారశాస్త్ర దృష్టితో ఒక పరిశీలన

ప్రవేశిక

మాట సాయం లేకుండా మనిషి తన మనసును ఎదుటివారికి ఎంతవరకు తెలియజేయగలడన్నది కళాభ్యాసంలో ఎప్పటికప్పుడు కొత్తగా ఎదురయ్యే ప్రశ్న. వీడియో ఇన్‌స్టలేషన్‌ను మాధ్యమంగా ఎంచుకొన్న విద్యార్థికి ఇది మరింత సూటిగా ఎదురవుతుంది. చలనచిత్రశాలలో ప్రేక్షకుడు కుర్చీలో కూర్చుంటాడు. కథ ఒకచోట మొదలై ఒకచోట ముగుస్తుంది. ఇన్‌స్టలేషన్‌లో అలా కాదు. ఒక గది, అందులో ఒకటో రెండో అంతకు మించో తెరలు, వాటి మధ్య దూరం, వెలుతురు, ధ్వని, వీటన్నిటి నడుమ నడిచే ప్రేక్షకుడు – ఇవన్నీ కలిస్తేనే రచన. దృశ్యం చాలావరకు చక్రంలా తిరిగి తిరిగి వస్తూ ఉంటుంది గనుక ప్రేక్షకుడు ప్రవేశించిన క్షణమే దానికి ఆది, విడిచి వెళ్లిన క్షణమే అంతం.

అశాబ్దిక భావప్రసారం ఇతివృత్తంగా ఇటువంటి రచనకు పూనుకొన్న ఒక కళావిద్యార్థినిని ఊహించుకొని, ఆమె ముందున్న నిర్ణయాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఎవరి ముఖాన్ని చూపాలి? ఎంతసేపు చూపాలి? ఆ ముఖం దేనికి స్పందిస్తున్నదో తెలపాలా, దాచాలా? గోడ మీద వివరణ పలక పెట్టాలా, వద్దా? ఇవి సాంకేతిక ప్రశ్నలుగా కనిపించినా, వీటి మూలంలో ఉన్నవి కావ్యశాస్త్ర ప్రశ్నలే. ఇంగితం, ఆకారం, చేష్ట, అనుభావం అన్న పేర్లతో ఆలంకారికులు వీటిని శతాబ్దాలపాటు చర్చించారు. అంతమాత్రాన ఈనాటి కళ అంతా ఆనాటి శాస్త్రంలోనే ఉన్నదని వాదించడం ఈ వ్యాసం అభిమతం కాదు. అటువంటి వాదం శాస్త్రానికీ కళకూ అన్యాయమే చేస్తుంది. ఆ పరిభాష నేటి రచనలను తూచడానికి పనికివస్తుందా, వస్తే ఎక్కడివరకు అన్నదే ఇక్కడి విచారణ.

ప్రతిపాదనను సంగ్రహంగా ఇలా చెప్పవచ్చు. సంజ్ఞ తనంతట తాను అర్థం కాదు. అది అనుభావం మాత్రమే. విభావం తోడైతే తప్ప అనుభావానికి నిశ్చితార్థం ఏర్పడదు. అందువల్ల సంజ్ఞలను ఏరి కూర్చి వాటికి అర్థాలు అంటగట్టే రచన నిఘంటువుగా మిగిలిపోతుంది. విభావాన్ని మాటలో కాక స్థలంలో, కాలంలో అమర్చగలిగిన రచన కళ అవుతుంది.

93 శాతం అనే ప్రమాణం

ఈ ఇతివృత్తాన్ని తలకెత్తుకొన్నవారికి మొదట ఎదురయ్యేది ఒక అంకె. మానవ భావప్రసారంలో 93 శాతం అశాబ్దికమని వ్యక్తిత్వ వికాస గ్రంథాలు మొదలుకొని ప్రదర్శనల పరిచయ పత్రాల వరకు అనేకచోట్ల కనిపిస్తుంది. దీనికి మూలం అమెరికన్ మనోవిజ్ఞానవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ తన సహచరులతో కలిసి 1967లో ప్రకటించిన రెండు ప్రయోగాలు. ఒక వ్యక్తి పట్ల ఇష్టమో అయిష్టమో వ్యక్తం చేసే సందర్భంలో మాట ఒకటి చెప్పి, కంఠస్వరం, ముఖం మరొకటి చెప్పినప్పుడు వినేవారు దేనిని నమ్ముతారన్నది ఆ ప్రయోగాల విషయం. వాటి ఫలితాలను కలిపి మాటకు 7, స్వరానికి 38, ముఖానికి 55 శాతం చొప్పున ప్రాధాన్యం కట్టారు. భావాలకూ వైఖరులకూ సంబంధించని సంభాషణకు ఈ లెక్క వర్తించదని మెహ్రాబియనే స్పష్టం చేశాడు. ఒక రైతు ఎరువు మోతాదు గురించి పొరుగువానికి చెప్పే విషయంలో 93 శాతం ముఖంలో ఉంటుందనడం హాస్యాస్పదమని వేరే చెప్పనక్కరలేదు.

ఈ అంకె రచనకు పునాది అయితే జరిగే నష్టం ఉన్నది. మాట స్వల్పమనీ, దేహమే సత్యమనీ, ఆ సత్యం అందరికీ ఒక్కటే అనీ రచయిత్రి ముందుగానే నిర్ణయించుకొంటుంది. చార్లెస్ డార్విన్ 1872లో మానవులలో, జంతువులలో ఉద్వేగ వ్యక్తీకరణపై గ్రంథం ప్రకటించిన నాటి నుంచి, ముఖకవళికలు జన్మసిద్ధమా, సంస్కృతి నేర్పినవా అన్న వివాదం సాగుతూనే ఉన్నది. పాల్ ఎక్మన్ కొన్ని మౌలిక ఉద్వేగాల ముఖరూపాలు సార్వత్రికమన్నాడు. దేహచలనాల అధ్యయనానికి కైనెసిక్స్ అని పేరు పెట్టిన రే బర్డ్‌విజిల్ సార్వత్రిక సంజ్ఞ అన్నదే లేదని భావించాడు. ఎడ్వర్డ్ హాల్ 1959, 1966 సంవత్సరాలలో వెలువరించిన గ్రంథాలలో, మనుషుల మధ్య ఉండే దూరం కూడా ఒక్కొక్క సంస్కృతిలో ఒక్కొక్క అర్థాన్నిస్తుందని చూపాడు. తెలుగువారు ‘సరే’ అనడానికి తలను అటూ ఇటూ ఊపే తీరును కొత్తగా చూసిన విదేశీయులు అంగీకారమో నిరాకరణమో తేల్చుకోలేకపోవడం అనుభవంలో ఉన్న విషయమే. ఈ అనిశ్చితిని తొలగించవలసిన లోపంగా చూడడమా, రచనకు ముడిసరుకుగా స్వీకరించడమా అన్నదే విద్యార్థిని చేయవలసిన మొదటి ఎంపిక.

రెండు కమలాలు

సంజ్ఞ కళ అవుతుందా అన్న ప్రశ్న అలంకారశాస్త్రంలో ఒక స్పష్టమైన విభేదానికి దారితీసింది. ఇంగితం వల్లనో ఆకారం వల్లనో గ్రహింపదగిన అర్థాన్ని దండి ‘సూక్ష్మం’ అనే అలంకారంగా పేర్కొన్నాడు. హేతువు, సూక్ష్మం, లేశం అన్నవి వాక్కుకు ఉత్తమ భూషణాలని ఆయన మతం. భామహుడు ఈ మూడింటినీ అలంకారాలుగా అంగీకరించలేదు. వాటిలో వక్రోక్తి లేదన్నది ఆయన ఆక్షేపం. లోకంలో జరిగే చేష్టను జరిగినట్లు చెప్పినంత మాత్రాన అది కావ్యం కాదన్న భామహుని పట్టుదల, కెమెరా ముందు సంజ్ఞను జరిగినట్లు నమోదు చేసి గోడ మీద ప్రసరింపజేసే నేటి రచనకు వేయదగిన మొదటి ప్రశ్న. నమోదులో వక్రత ఎక్కడ ఉన్నది?

దండి ఇచ్చిన ఉదాహరణ ప్రసిద్ధమైనది. నలుగురి నడుమ ఉన్న ప్రియుడు మన సమాగమం ఎప్పుడని నోరు విప్పి అడగలేడు. అది గ్రహించిన నాయిక చేతిలోని లీలాకమలాన్ని ముకుళింపజేస్తుంది. కమలం ముడుచుకొనేది సాయంకాలం గనుక సంకేత సమయం అతనికి అర్థమవుతుంది. ఇదే సన్నివేశం గల మరొక శ్లోకాన్ని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం ద్వితీయోద్ద్యోతంలో చర్చకు తెచ్చాడు. అయితే దానిని అర్థశక్తిమూల ధ్వనికి ఉదాహరణగా తీసుకోలేదు. ప్రియుడు సంకేతకాలాన్ని తెలుసుకోదలచాడనీ, నాయిక అది గ్రహించి తన అభిప్రాయాన్ని కన్నులతో అందించిందనీ కవి మాటలతోనే చెప్పివేశాడు గనుక, అక్కడ చేష్టకున్న వ్యంజకత్వం శబ్దవ్యాపారం సాయంతో నిలిచిందని ఆయన తీర్పు.

దానికి ప్రక్కనే ఆయన నిలిపినది కుమారసంభవం ఆరవ సర్గలోని పార్వతి. అంగిరసుడు హిమవంతునితో శివుని వివాహ ప్రస్తావన చేస్తూ ఉండగా తండ్రి ప్రక్కన నిలిచిన ఆమె తల వంచుకొని లీలాకమలపు రేకులు లెక్కపెడుతుంది. ఆమె సిగ్గుపడిందని గాని, సంతోషించిందని గాని, దానిని దాచుకొన్నదని గాని కవి చెప్పడు. రేకులను లెక్కించడమనే చేష్ట శబ్దవ్యాపారం లేకుండానే వ్యభిచారిభావాన్ని ప్రకాశింపజేస్తున్నదని ఆనందవర్ధనుడు దీనిని ధ్వనికి లక్ష్యంగా చూపాడు.

రెండింటిలోనూ స్త్రీ, చేతిలో కమలం, నోట మాట లేకపోవడం సమానం. తేడా కవి చేసిన వివరణలో ఉన్నది. వీడియో ఇన్‌స్టలేషన్ విమర్శకు ఈ భేదం నేరుగా ఉపకరిస్తుంది. ఒక తెర మీద చేయి మెల్లగా ముడుచుకొంటున్నది. ప్రక్కనున్న పలక మీద ‘ఇది నిరాకరణ’ అని వ్రాసి ఉన్నది. అప్పుడా చేయి పలక మీది మాటకు బొమ్మ మాత్రమే. పలకను తొలగిస్తే ఆ చేయి ఏమీ చెప్పలేకపోతే, రచన అశాబ్దికమని చెప్పుకొన్న శాబ్దిక రచన అన్నమాట. పలకలన్నీ తీసివేసి గదిలోకి ఒకసారి నడిచి చూడడం విద్యార్థిని తన రచనకు తానే పెట్టుకోగల పరీక్ష. శీర్షిక కూడా శబ్దమే గనుక దానికీ ఈ పరీక్ష వర్తిస్తుంది.

పార్వతి ఉదాహరణలో మరొక సూక్ష్మం గమనింపదగినది. కవి ఆమె భావాన్ని చెప్పలేదే గాని సందర్భాన్ని పూర్తిగా చెప్పాడు. ఋషి ఏమి మాట్లాడుతున్నాడో, ఎవరితో మాట్లాడుతున్నాడో, ఆమె ఎక్కడ నిలిచి ఉన్నదో మనకు తెలుసు. భావం అనుక్తం, విభావం సుస్పష్టం. కేవలం కమలపు రేకులు లెక్కపెట్టే ఒక అమ్మాయిని చూపి ఉంటే విసుగు, నిరీక్షణ, పరధ్యానం ఇవన్నీ సాధ్యమైన అర్థాలే అయ్యేవి.

కన్నీరు ఎవరిది?

అనుభావాలకు గల ఈ అనేకార్థతను మమ్మటుడు కావ్యప్రకాశం చతుర్థోల్లాసంలో సూటిగా ప్రస్తావించాడు. అశ్రుపాతం వంటి అనుభావాలు శృంగారానికి చెందినట్లే కరుణ భయానకాలకూ చెందుతాయి. వ్యాఘ్రాది విభావాలు భయానకానికి చెందినట్లే వీరాద్భుత రౌద్రాలకూ చెందుతాయి. విడివిడిగా ఏదీ నిశ్చయాత్మకం కాదు గనుకనే భరతుడు విభావానుభావ వ్యభిచారుల సంయోగాన్ని చెప్పాడని అక్కడి నిర్ణయం. నృత్యశాస్త్రంలోనూ ఇదే స్థితి. అభినయదర్పణంలో పతాక హస్తం ఒక్కటే మేఘాన్ని, అడవిని, రాత్రిని, నదిని, గుర్రాన్ని చూపుతుంది. హస్తం మారదు, సందర్భం మారుతుంది. ముద్రలను నిఘంటువుగా భావించేవారు ఈ వినియోగాల పట్టికను శ్రద్ధగా చూడవలసి ఉన్నది.

ఈ సత్యాన్ని చలనచిత్రరంగం తనదైన దారిలో కనుగొన్నది. 1920 ప్రాంతంలో రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ చేసినట్లు చెప్పే ప్రయోగంలో, నటుని ఒకే ముఖాన్ని సూప్ పాత్ర తరువాత ఒకసారి, శవపేటిక తరువాత ఒకసారి కూర్చి చూపితే ప్రేక్షకులు ఆ ముఖంలో ఆకలినీ శోకాన్నీ చదివారంటారు. శాస్త్ర పరిభాషలో చెప్పాలంటే విభావం మారితే అదే అనుభావం మరొక భావానికి సూచకమైంది.

వీడియో కళలో ఈ సమస్యను దీర్ఘకాలం పట్టుకొని పనిచేసిన అమెరికన్ కళాకారుడు బిల్ వయోలా (1951–2024). 1973లో సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో కళావిద్య పూర్తిచేసిన ఆయన 1995 వెనిస్ బినాలేలో అమెరికా పక్షాన ‘ది గ్రీటింగ్’ అనే రచనను ప్రదర్శించాడు. ఇటలీ చిత్రకారుడు పొంతోర్మో 16వ శతాబ్దంలో వేసిన మేరీ, ఎలిజబెత్‌ల సమాగమ చిత్రం దానికి ప్రేరణ. ఇద్దరు స్త్రీలు మాట్లాడుకొంటూ ఉంటారు. మూడవ స్త్రీ వచ్చి వారిలో ఒకరిని ఆలింగనం చేసుకొని చెవిలో ఏదో చెబుతుంది. దాదాపు 45 సెకన్ల ఈ సంఘటన సుమారు పది నిమిషాలకు సాగుతుంది. చెవిలో చెప్పిన రహస్యం కంటే, ఆ రహస్యానికి వెలుపల మిగిలిపోయిన స్త్రీ చూపులో జరిగేది మన దృష్టిని పట్టి నిలుపుతుంది. ఇక్కడ విభావం మాటలో లేదు. ఇద్దరు ఉన్నచోటికి మూడవవారు రావడమనే అమరికలో ఉన్నది. కథ తెలియని ప్రేక్షకునికి కూడా ఆ అమరిక అందుతుంది.

2000లో లండన్ నేషనల్ గ్యాలరీలోని ఒక ప్రదర్శన కోసం ఆయన చేసిన ‘క్వింటెట్ ఆఫ్ ది అస్టానిష్డ్’ మరింత కఠినమైన ప్రయోగం. ఆ గ్యాలరీలోని హైరొనిమస్ బాష్ చిత్రం – పరిహాసానికి గురవుతున్న క్రీస్తు – దీనికి ఆధారం. ఐదుగురు మనుషులు దగ్గరదగ్గరగా నిలిచి ఉంటారు. ఒక్కొక్కరి ముఖంలో ఉద్వేగాలు ఉవ్వెత్తున లేచి అణగిపోతాయి. దేనికి స్పందిస్తున్నారో చూపడు. అతివేగ కెమెరాతో పట్టిన ఒక నిమిషం వ్యవధి పదిహేను నిమిషాలకు చేరువగా విస్తరిస్తుంది.

ఈ రచనను రససిద్ధి దృష్టితో చూస్తే విభావం లోపించింది గనుక స్థాయి ఏర్పడలేదనవలసి వస్తుంది. ఆ తీర్పుతో ఆగిపోతే రచనకు న్యాయం జరగదు. భావోదయం, భావశాంతి, భావసంధి, భావశబలత అని ఆలంకారికులు భావగతులను నాలుగు విధాలుగా గుర్తించారు. మామూలు వేగంలో మనకు ఒక భావమూ, దాని తరువాత మరొక భావమూ కనిపిస్తాయి. నడుమనున్న సంధి కనిపించదు. శోకం ఏ క్షణంలో క్రోధమవుతున్నదో, ఆ మార్పును పెదవి ముందు తెలుపుతున్నదో కనుబొమ ముందు తెలుపుతున్నదో వయోలా మందగమనం చూపగలుగుతుంది. రంగస్థలం మీద దూరాన ఉన్న ప్రేక్షకునికి అందని అశ్రువు, వైవర్ణ్యం వంటి సాత్త్వికాలు ఇక్కడ ప్రధాన విషయమవుతాయి. భావసంధిని శాస్త్రం పేరు పెట్టి గుర్తించింది. కెమెరా దానిని కాలంలో విప్పి చూపింది. వయోలా రచనలోని వక్రత ఈ విప్పడంలోనే ఉన్నది. భామహుని ప్రశ్నకు ఇది ఒక సమాధానం.

అయినా దీని పరిమితి కూడా చెప్పుకోవాలి. క్రైస్తవ చిత్రసంప్రదాయం తెలిసినవానికి ఆ ఐదుగురి నడుమ కనిపించని క్రీస్తు ఉంటాడు. అది తెలియనివారికి అక్కడ ఖాళీయే ఉంటుంది. సార్వత్రికమనుకొన్న ముఖాల వెనుక ఒక ప్రత్యేక సంస్కృతి విభావంగా పనిచేస్తున్నది. అనుకరించే విద్యార్థులకు ఇందులో మరొక ప్రమాదం ఉన్నది. ఏ ముఖాన్నైనా వేగం తగ్గించి చూపితే గంభీరంగానే కనిపిస్తుంది. ఆవులింత కూడా ఆధ్యాత్మికంగా తోస్తుంది. మామూలు వేగంలో చూపినప్పుడు ఏమీ మిగలని దృశ్యానికి మందగమనం అలంకారం కాదు, ముసుగు.

రెండు తెరల నడుమ

విభావాన్ని స్థలంలో అమర్చడమంటే ఏమిటో చెప్పడానికి ఇరాన్‌కు చెందిన కళాకారిణి షిరిన్ నెషత్ 1998లో చేసిన ‘టర్బులెంట్’ ఉత్తమమైన లక్ష్యం. 1999 వెనిస్ బినాలేలో బహుమానం పొందిన రచన ఇది. ఎదురెదురు గోడల మీద రెండు నలుపు తెలుపు దృశ్యాలు. ఒక తెర మీద ఒక పురుషుడు నిండు సభకు వీపు చూపి మనవైపు తిరిగి రూమీ గీతం పాడతాడు. సభలో ఉన్నవారంతా పురుషులే, చప్పట్లు కొడతారు. అంతసేపూ ఎదుటి తెర మీద నల్లని వస్త్రం కప్పుకొన్న ఒక స్త్రీ ఖాళీ సభామందిరానికి అభిముఖంగా నిలబడి ఉంటుంది. అతని పాట ముగిశాక ఆమె పాడుతుంది. అందులో మాటలు లేవు. ఊపిరి, గుసగుస, ఆర్తనాదం, ఆలాపన కలగలిసిన కంఠధ్వని అది. కెమెరా ఆమె చుట్టూ తిరుగుతుంది. మొదటి తెరలోని పురుషులు నిశ్చేష్టులై వింటూ ఉండిపోతారు. ఆ స్థితిని స్తంభమనే సాత్త్వికంగా గుర్తించవచ్చు.

ఇస్లామిక విప్లవానంతర ఇరాన్‌లో స్త్రీలు పురుషులున్న సభలో ఒంటరిగా పాడడం నిషిద్ధం. ఆ స్త్రీ పాటలో మాట లేకపోవడం కేవలం శిల్పపరమైన ఎంపిక కాదని ఈ సందర్భం చెబుతుంది. మాట నిరాకరింపబడినచోట మిగిలిన కంఠం అది. అశాబ్దికం అంటే మాటకు పూర్వమున్న స్వచ్ఛమైన స్థితి అన్న అమాయక భావనను ఈ రచన వమ్ము చేస్తుంది.

తెలుగు ప్రేక్షకునికి ఇక్కడ ఒక విశేషానుభవం కలుగుతుంది. పారశీకం రానివారికి పురుషుని పాటలోని మాటలు కూడా నాదమే. ఇద్దరి పాటలూ మనకు సమానంగా అశాబ్దికాలే కావలసి ఉన్నది, కాని కావు. నిండిన సభ, ఖాళీ సభ అన్న భేదం, ఎదురెదురు తెరల నడుమ మెడ తిప్పుకొంటూ నిలిచిన ప్రేక్షకుని స్థానం, ఈ రెండూ మాట చేయవలసిన పనిని చేస్తున్నాయి. రెండు తెరలనూ ఒకేసారి చూడడం అసాధ్యం గనుక ఎవరివైపు తిరగాలో ప్రేక్షకుడే నిర్ణయించుకోవాలి. నాట్యశాస్త్రం చెప్పిన చతుర్విధాభినయాలలో వాచికాన్ని తొలగించినా ఆంగికం, ఆహార్యం, సాత్త్వికం మిగులుతాయి. ఇన్‌స్టలేషన్ వీటికి తోడు ప్రేక్షకుని ఆంగికాన్ని కూడా రచనలో భాగం చేసింది. ఇది శాస్త్ర పరిభాష ఆగిపోయే చోటు. ప్రేక్షకుని మెడ తిప్పడాన్ని అనుభావమనాలా, ఉద్దీపన విభావంలో అంగమనాలా అన్నదానికి శాస్త్రంలో సిద్ధమైన సమాధానం లేదు. కొత్త పరిభాష అవసరం ఇక్కడే మొదలవుతుంది. అయితే నిషేధం సంగతి ఏమాత్రం తెలియని ప్రేక్షకునికి ఖాళీ సభ ఒంటరితనాన్ని మాత్రమే సూచిస్తుంది. స్థలం చాలావరకు చెబుతుంది. చరిత్రను మొత్తంగా చెప్పలేదు.

సంజ్ఞాభాష అశాబ్దికమా?

ఈ ఇతివృత్తంతో వచ్చే రచనలకు పొంచి ఉన్న ఒక దోషాన్ని ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. బధిరులు మాట్లాడుకొనే సంజ్ఞాభాషను ‘చేతుల కవిత్వం’గా, మాటకు అతీతమైన హృదయభాషగా చూపడం ఆ దోషం. సంజ్ఞాభాష ధ్వన్యాత్మకం కాకపోవచ్చును గాని అది పూర్తిస్థాయి భాష. విలియం స్టోకీ 1960లో అమెరికన్ సంజ్ఞాభాషకు తనదైన నిర్మాణం ఉన్నదని నిరూపించిన తరువాత భాషాశాస్త్రంలో ఈ విషయంలో సందేహం మిగలలేదు. భారతీయ సంజ్ఞాభాషకు తనదైన పదజాలం, వ్యాకరణం ఉన్నాయి. దాని పరిశోధన, శిక్షణల కోసం కేంద్రప్రభుత్వం 2015లో ఒక జాతీయ సంస్థను నెలకొల్పింది. సంజ్ఞాభాషలలో కనుబొమలు ఎత్తడం, తల వంచడం వంటివి అనేక సందర్భాలలో వ్యాకరణ చిహ్నాలు. ప్రశ్నార్థకాన్ని సూచించే కనుబొమను ఆశ్చర్యమనే అనుభావంగా చదవడం, తెలుగులో ‘ఆ’ అనే ప్రశ్నార్థక ప్రత్యయాన్ని ఏడుపుగా వినడం వంటిది.

అనువాదం లేకుండా సంజ్ఞాభాషలో మాట్లాడుతున్నవారిని తెర మీద చూపి, ప్రేక్షకుని ఆ కదలికల అందానికి పరవశింపజేసే రచన, మాట్లాడుతున్న మనిషిని మూగవానిగా మార్చుతున్నది. పైన చెప్పిన పలక పరీక్ష ఇక్కడ తలక్రిందులవుతుంది. అశాబ్దికమైన చేష్టకు వివరణ చేర్చడం వ్యంగ్యాన్ని చంపుతుంది. శాబ్దికమైన సంజ్ఞకు అనువాదం లేకుండా చేయడం వక్తను చంపుతుంది. ఈ రెండింటి తేడా తెలియకుండా అశాబ్దిక భావప్రసారం మీద రచన చేయబూనడం తగదు.

నుడికారంలో దాగిన దేహం

తెలుగు నేల మీద పనిచేసే విద్యార్థినికి ఈ ఇతివృత్తాన్ని వయోలా అడుగుజాడలలోనే చూడవలసిన నిర్బంధం లేదు. మన నుడికారంలో దేహచేష్టలు అసంఖ్యాకంగా నిలిచి ఉన్నాయి. ముక్కున వేలేసుకోవడం, పెదవి విరవడం, నొసలు చిట్లించడం, కళ్లెర్రజేయడం, పళ్లు కొరకడం, తల పంకించడం, మూతి ముడవడం, చేతులెత్తేయడం, మెటికలు విరవడం – ఇవన్నీ మొదట చేష్టలు, తరువాత మాటలు. వీటిలో కొన్నింటిని దేహం ఇంకా చేస్తూనే ఉన్నది. అప్పు తీర్చలేనని చేతులెత్తేసినవాడు నిజంగా చేతులు ఎత్తనక్కరలేదు. విస్మయపడి ముక్కున వేలేసుకొన్నామని చెప్పేవారిలో వేలు ముక్కు దాకా తీసుకువెళ్లేవారు అరుదు. చేష్ట దేహాన్ని విడిచి భాషలో స్థిరపడింది.

ఈ విషయం మన ఇతివృత్తానికి మౌలికమైనది. శాబ్దికం, అశాబ్దికం అన్నవి రెండు వేర్వేరు లోకాలు కావని, ఒకదాని నుంచి మరొకదానిలోకి రాకపోకలు ఉన్నాయని తెలుగు క్రియాపదాలే సాక్ష్యం చెబుతున్నాయి. ఒక తెర మీద ముసలివారు, ఎదుటి తెర మీద నేటి యువకులు ఈ నుడికారాలను దేహంతో చేసి చూపితే, ఏ తరంలో ఏ చేష్ట బ్రతికి ఉన్నదో, ఏది మాటగా మాత్రమే మిగిలిందో కంటికి కనిపిస్తుంది. కూర్పు నిఘంటువుగా దిగజారకుండా ఉండాలంటే ఆ చేష్ట ఎవరి ఎదుట, ఏ సందర్భంలో జరుగుతున్నదో రచన అమర్చవలసి ఉంటుంది. అత్తగారి ఎదుట విరిచిన మెటికకూ, పసిబిడ్డకు దిష్టి తీస్తూ విరిచిన మెటికకూ చేయి ఒక్కటే, అర్థాలు వేరు.

మన ప్రదర్శనకళలు విభావాన్ని దృశ్యంలోనే అమర్చిన తీరుకు భామాకలాపంలోని జడ నిదర్శనం. తెర వెనుక ఉన్న సత్యభామ తన జడను తెరపై నుంచి ఇవతలికి వేస్తుంది. ముఖం లేదు, హస్తం లేదు, ఇంకా మాట లేదు. దానిని సభకు విసిరిన సవాలుగా సంప్రదాయం గ్రహించింది. సాత్త్వికమూ ఆంగికమూ కనిపించనిచోట ఆహార్యమొక్కటే పాత్ర స్వభావాన్ని ప్రకటించింది. మనిషిని పూర్తిగా చూపకుండా మనిషి మనసును చూపడానికి ఇంతకంటె పొదుపైన ఉదాహరణ దొరకడం కష్టం. క్లోజప్ తప్ప మరొక మార్గం లేదనుకొనే విద్యార్థులు దీనిని గమనించాలి.

సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1987లో వచ్చిన ‘పుష్పక విమానం’ సంభాషణలు లేని చిత్రం; శబ్దం లేని చిత్రం మాత్రం కాదు. అనువాద సంభాషణల అవసరం లేనందున అది భాషాప్రాంతాలను దాటి వెళ్లింది. ఒక్కొక్క భాషలో మారినది పేరే. అశాబ్దిక రచనలోకి శబ్దం శీర్షిక అనే వాకిలి గుండా ప్రవేశిస్తుందని చెప్పడానికి ఇది చక్కని సాక్ష్యం. ఆ చిత్రాంతంలో నాయిక తన ఆచూకీ వ్రాసి అందించిన కాగితం నాయకుని చేతికి నిలవకుండా గాలికి పోతుంది. సైగలతో పెరిగిన అనుబంధం నిలవడానికి అవసరమైనది నాలుగు అక్షరాలు, అవే దక్కలేదు. సైగ ఎంతదూరం వెళ్లగలదో, ఎక్కడ మాట తప్పనిసరో ఆ ముగింపు ఏ వ్యాఖ్యానమూ లేకుండా చూపుతుంది. మాటను తక్కువచేయకుండా మాట లేని కళను నిర్మించడం సాధ్యమేనని ఈ చిత్రం నిరూపించింది.

ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. అశాబ్దిక భావప్రసారం మీద చేసే వీడియో ఇన్‌స్టలేషన్‌కు ముఖాలు, చేతులు ముడిసరుకు మాత్రమే. విభావాన్ని ఎక్కడ ఉంచారన్నదే దాని శిల్పాన్ని నిర్ణయిస్తుంది. వయోలా ‘ది గ్రీటింగ్’లో మనుషుల అమరికలోనూ, నెషత్ ‘టర్బులెంట్’లో గది నిర్మాణంలోనూ, భామాకలాపం తెరకూ జడకూ ఉన్న సంబంధంలోనూ దానిని ఉంచాయి. ‘క్వింటెట్’ దానిని తొలగించి భావసంధిని చూపింది. అయితే ఒక మతచిత్ర సంప్రదాయపు నీడను పూర్తిగా తప్పించుకోలేకపోయింది. సూక్ష్మం, అనుభావం, భావసంధి అన్న పరిభాష ఈ రచనలను విడదీసి చూపడానికి గట్టిగా ఉపకరించింది. ప్రేక్షకుని దేహం, చక్రంలా తిరిగే కాలం అన్న రెండు విషయాలలో ఆ పరిభాష చాలలేదు.

తెలుగు శాఖలకు ఇందులో ఒక బాధ్యత ఉన్నది. హైదరాబాద్, విశాఖపట్టణం వంటి చోట్ల విశ్వవిద్యాలయ ప్రాంగణాలలో దృశ్యకళల శాఖలు, తెలుగు శాఖలు కూతవేటు దూరంలో ఉన్నాయి. కళావిద్యార్థులు తమ రచనల గురించి వ్రాసుకోవలసి వచ్చినప్పుడు తెలుగులో మాట దొరకక ఆంగ్లంలోని అరిగిపోయిన పదబంధాలను ఆశ్రయిస్తున్నారు. ఆనందవర్ధనుడు రెండు కమలాల మధ్య చూపిన భేదాన్ని పరీక్షపత్రంలో వ్రాసి మరచిపోయే తెలుగు విద్యార్థికీ, పలక పెట్టాలా వద్దా అని తటపటాయించే కళావిద్యార్థికీ నడుమ సంభాషణ జరిగితే ఇరువురి చదువుకూ మేలు. ఆ సంభాషణకు తొలి పని చాలా నిరాడంబరమైనది. ఒక ఇన్‌స్టలేషన్ గదిలోకి వెళ్లి, అక్కడ ఏ తెర ఎటు ఉన్నదో, ఏ ముఖం ఎంతసేపు ఏమి చేసిందో, చూసేవారు ఎక్కడ నిలబడ్డారో తీర్పు చెప్పకముందు తెలుగులో ఉన్నదున్నట్లు వర్ణించగలగడం. అటువంటి వర్ణనలు పోగుపడితే తప్ప ఈ కళకు తెలుగులో విమర్శ ఏర్పడదు.